సీల్ కొండెక్కిందా?

బిర్యానీ ఆర్డర్ పెట్టి మ్యాప్ చూస్తుంటాం. డెలివరీ బైక్ ఉన్నట్టుండి చెరువు మధ్యలో కనిపిస్తుంది. అయినా కంగారుపడం. బైక్ నీళ్ల మీద నడవదు కదా, సిగ్నల్ తేడా కొట్టిందని సరిపెట్టుకుంటాం. సముద్ర జీవుల వెంటపడే డేటా సైంటిస్టుల పని కూడా ఇక్కడే మొదలవుతుంది.

అంటార్కిటికా చుట్టుపక్కల తిరిగే ఎలిఫెంట్ సీల్స్ సంగతే చూడండి. వాటి తల మీది బొచ్చుకు చిన్న ట్యాగ్ అంటిస్తారు. ఏడాదికోసారి పాత బొచ్చు రాలినప్పుడు అదీ ఊడిపోతుంది. ఈలోగా సీల్ వేటకు మునిగినప్పుడల్లా లోతు, ఉష్ణోగ్రత, ఉప్పదనం కొలుస్తుంది. కొన్ని సీల్స్ 2,000 మీటర్ల దాకా దిగుతాయి. చలికాలంలో ఓడలు చొరబడలేని మంచు కిందికీ వెళ్లొస్తాయి.

చిక్కేంటంటే, నీళ్లలోంచి ఉపగ్రహానికి సిగ్నల్ అందదు. ఊపిరి కోసం పైకొచ్చిన కొద్ది నిమిషాల్లోనే ట్యాగ్ కబురు పంపాలి. ఆర్గోస్ ఉపగ్రహానికి పంపే ఒక్కో మెసేజ్‌లో పట్టేది మహా అయితే 32 బైట్లు. మన ఫోన్‌లో తెలుగులో 'ఎక్కడున్నావ్?' అని టైప్ చేస్తేనే అది దాటిపోతుంది!

అందుకే ట్యాగ్ అన్ని కొలతలూ పంపదు. ముగ్గులో చుక్కలు పెట్టినట్టు, గ్రాఫ్ మలుపు తిరిగే చోట్లను మాత్రమే ఏరి పంపుతుంది. చుక్కలు కలిపే పని ఇక్కడ మనది.

లొకేషన్‌తో ఇంకో తంటా. సిగ్నల్ ఫ్రీక్వెన్సీలో వచ్చే మార్పును బట్టి ఉపగ్రహం చోటు లెక్కగడుతుంది. రైలు దూసుకుపోతుంటే కూత మారినట్టన్నమాట. ఒక్కోసారి ఆ లెక్క కిలోమీటర్ల కొద్దీ తప్పుతుంది. మ్యాప్‌లో సీల్ కొండ మీద తేలుతుంది. అలాంటప్పుడు గంటలో అది అంత దూరం ఈదగలదా అని మోడల్ చూస్తుంది. అసాధ్యమైతే ఆ చుక్కను పక్కన పెడుతుంది. మిగతావాటితో దారి గీసి, ఎక్కడ ఎంత అనుమానం ఉందో కూడా చెబుతుంది.

అలాగని వింతగా ఉన్న ప్రతి అంకెనూ చెరిపేస్తే అసలుకే మోసం. తూర్పు అంటార్కిటికాలో కేప్ డార్న్లీ అనే చోటుంది. అక్కడ సముద్రం గడ్డకట్టేటప్పుడు ఉప్పు కింది నీళ్లలోకి చేరుతుంది. బాగా చల్లగా, బరువుగా మారిన ఆ నీళ్లు అడుగుకు జారి, దూరదూరాలకు పాకుతాయి. ప్రపంచ సముద్రాల లోతుల్ని చల్లగా ఉంచే ఇలాంటి నీళ్లు పుట్టే చోట్లు అప్పటిదాకా మూడే తెలుసు. ఇది నాలుగోదని 2013లో జపాన్ శాస్త్రవేత్తల నాయకత్వంలోని బృందం ప్రకటించింది. సముద్రం అడుగున పెట్టిన పరికరాలతో పాటు సీల్స్ తెచ్చిన కొలతలూ అందుకు సాక్ష్యం. వాతావరణ మార్పు లెక్కలకు ఈ నీళ్ల ఆచూకీ ఎంతో కీలకం.

మరి ఏ అంకె తప్పు, ఏది కొత్త కబురు? కోడ్ ఒక్కటే వస్తే సరిపోదు. సీల్ ఎంత వేగంగా ఈదుతుందో, సముద్రపు నీరు ఎన్ని డిగ్రీల దగ్గర గడ్డకడుతుందో కూడా తెలియాలి.

ఇలా సముద్ర జంతువులు తెచ్చిన కొలతలు 5 లక్షలకు పైగా 'మియోప్' అనే వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి. పైథాన్ నేర్చుకుంటున్నారా? అందరూ చేసే సినిమా రేటింగుల ప్రాజెక్టు ఈసారికి పక్కన పెట్టండి. ఒక్క సీల్ దారి గీసి చూడండి. అది కొండెక్కితే మాత్రం వెంటనే డిలీట్ కొట్టకండి. ఎందుకు ఎక్కిందో ముందు అడగండి.