రంగు చెప్పేది ఎంతవరకు?

విద్యార్థులారా! బంగాళాదుంప ముక్కపై అయోడిన్ చుక్క వేస్తే నీలినలుపు రంగు వస్తుంది. అక్కడ పిండిపదార్థం ఉందని తెలుస్తుంది. కుక్క మెడలోని థైరాయిడ్ గ్రంథిలో కణితి పుట్టినప్పుడు పశువైద్య నిపుణులు చేసే ఒక పరీక్ష ఇలాంటిదే.

ఆ గ్రంథిలో పుటికల కణాలు థైరోగ్లోబ్యులిన్ అనే ప్రోటీనును, సి-కణాలు కాల్సిటోనిన్ అనే మరో ప్రోటీనును తయారుచేస్తాయి. ఏ రకం కణాల నుంచైనా కణితి పుట్టవచ్చు. ఒక్కోసారి సూక్ష్మదర్శినిలో రెండు కణితులూ ఒకేలా కనిపిస్తాయి. అప్పుడు కణితి నుంచి కోసిన పలుచని పొరపై ప్రతిరక్షకాలు వేస్తారు. ఒక్కొక్కటి తనకు సరిపడే ప్రోటీనునే పట్టుకుంటుంది. దానికి జోడించిన ఎంజైము వల్ల అక్కడ గోధుమరంగు ఏర్పడుతుంది. కణితి ఏ కణాలదో బయటపడుతుంది.

మరి ఆ రంగు చూసి "ఇది క్యాన్సరే" అనవచ్చా? అనకూడదు. ఆరోగ్యంగా ఉన్న గ్రంథిలోనూ ఆ ప్రోటీన్లుంటాయి! కణితి తన చుట్టూ ఉన్న పొరను, రక్తనాళాలను చొచ్చుకుపోయిందా అన్నది కూడా చూడాలి. లేకపోతే ఆ మూగజీవికి కావలసిన చికిత్స అందకపోవచ్చు, అక్కరలేనిది చేయవచ్చు.

నా మాట ఒక్కటే. ఏ పరీక్షయినా అడిగిన ప్రశ్నకే జవాబిస్తుంది. అడగని ప్రశ్నకు దానిచేత జవాబు చెప్పించకండి.