షుగర్ గోలీ మీద మోపిన నింద

జనగామలో అడిగినా, మానుకోట తండాల్లో అడిగినా, భూపాలపల్లి గని కార్మికుల కాలనీల్లో అడిగినా ఒకటే మాట: "షుగర్ గోలీలు మింగితే కిడ్నీలు ఖరాబైతయ్." ఈ మాట నమ్మి గోలీలు మానేయడమే కిడ్నీలకు అసలు చేటు.

ఏళ్ల తరబడి అదుపు తప్పిన షుగర్ కిడ్నీలోని సన్నని రక్తనాళాలను తినేస్తుంది. "గోలీలు వాడినోళ్లకే కిడ్నీలు పోయినయ్ గదా" అంటారు. పదేళ్లుగా షుగర్ ఉన్న మనిషే పదేళ్లుగా గోలీలూ వాడతాడు. నేరం రోగానిది, నింద మందుకు. షుగర్ గోలీల్లో ఒకటైన మెట్‌ఫార్మిన్‌నే చూడండి: దాన్ని షుగర్‌కు వాడటం 1957లో మొదలైంది. బ్రిటన్‌లో 1977 నుంచి ఇరవై ఏళ్లు సాగిన యూకేపీడీఎస్ అనే షుగర్ పరిశోధన ఫలితాలు 1998లో వచ్చాయి. బరువు ఎక్కువున్న రోగుల్లో మెట్‌ఫార్మిన్ మరణాలను మూడో వంతుకు పైగా తగ్గించింది. కిడ్నీ అప్పటికే బాగా దెబ్బతిని, కిడ్నీ ఎంత బాగా వడపోస్తుందో చెప్పే అంకె ఈజీఎఫ్ఆర్ 30 కంటే దిగితే డాక్టర్లు ఈ మందును ఆపేస్తారు. మందు ఒంట్లో పేరుకుపోతుందని ఆపుతారే తప్ప, కిడ్నీని అది చెడగొట్టిందని కాదు. డాపాగ్లిఫ్లోజిన్ అనే మరో షుగర్ గోలీ అయితే దెబ్బతిన్న కిడ్నీ మరింత పాడవకుండా కాపాడుతుందని 2020లో తేలింది. అదే ఏడాది మన దేశంలో పేటెంటు ముగిసి దాని ధర పడిపోయింది.

గోలీలతో ఏ ప్రమాదమూ లేదని నేననను. గ్లిమెపిరైడ్ అనే షుగర్ గోలీ వేసుకుని అన్నం తినకపోతే షుగర్ పడిపోతుంది. గోలీ మింగి, ఖాళీ కడుపుతో మిర్చి ఏరడానికి ఆటో ఎక్కిన ఆడకూలీకి చేను మధ్యలో చెమటలు పడతాయి, చేతులు వణుకుతాయి, కళ్లు తిరుగుతాయి. షిఫ్టు మారి తిండి వేళ తప్పిన గని కార్మికుడికీ అదే గతి. అప్పుడు వెంటనే చక్కెర నోట్లో వేసుకోవాలని ఎంతమందికి చెప్పాం? చీటీ రాసే డాక్టర్ ముందుగా అడగాల్సింది, "నువ్వు ఏ వేళకు తింటవు?" అని. మెట్‌ఫార్మిన్ ఏళ్లకేళ్లు వాడేవారిలో విటమిన్ బి12 తగ్గవచ్చు, అదీ చూసుకోవాలి.

షుగర్ గోలీకి భయపడే ఆ మనిషే సాయంత్రం ఒళ్లు నొప్పులని ఆర్ఎంపీ దగ్గర డైక్లోఫెనాక్ అనే నొప్పి సూది వేయించుకుంటే ఎవరూ వద్దనరు. అదే అలవాటైతే కిడ్నీలకు నిజమైన ముప్పు. పేరూ ఊరూ లేని డబ్బాలో అమ్మే ఆకుల పొడినీ ఎవరూ అనుమానించరు. అందులో ఏం కలిపారో, ఎంత కలిపారో కొన్నవాడికి తెలిసే దారే లేదు.

కిడ్నీల గురించి బెంగ ఉంటే గోలీ ఆపకండి. ఏడాదికోసారి రక్తంలో క్రియాటినిన్, మూత్రంలో ఆల్బుమిన్ పరీక్ష చేయించమని అడగండి. సర్కారు దవాఖానాలు కూడా నెలనెలా గోలీల పొట్లం చేతిలో పెట్టి పంపేస్తే సరిపోదు. ఆ రెండు పరీక్షల కాగితం కూడా రోగికిచ్చి, అందులో ఏముందో అతని భాషలో చెప్పాలి.