ఫోను పట్టుకొని వచ్చిన బిడ్డ

చుట్టుపట్ల పల్లెలనుండి చదువులకై నంద్యాలకు వచ్చి వసతిగృహములలో నుండు పిల్లలకును, ఆళ్లగడ్డలో నింటి కడనుండియే బడికి పోవు పిల్లలకును నేడొక పీడ సమానమైనది. వాట్సాప్ గుంపులలో తోటివాని రూపమును, కులమును, తండ్రి వృత్తిని పట్టుకొని గేలిచేయుదురు. బాలిక ఛాయాచిత్రమును వికృతపరచి పదుగురకు పంపుదురు. వెనుకటి వీథి యల్లరి ఇల్లు చేరుటతో నాగెడిది. ఇది పడకదాక వెంటవచ్చును.

అట్టి బిడ్డ ధైర్యము తెచ్చుకొని ఉపాధ్యాయునికి మొరపెట్టుకొన్నచో దొరకు జవాబేమి? "నీకు ఫోనెవరిమ్మన్నారు?" ఈ యొక్క ప్రశ్నతో బాధితుడే దోషి యగుచున్నాడు. ఫోను లాగుకొందురను భయముచేతనే పెక్కురు నోరు మెదపరు. 2020లో, కరోనా కాలమున, పాఠములకై ఫోను కొనిపెట్టుడని తల్లిదండ్రులకు చెప్పినది బడులే కదా!

"వెలుపల జరిగినదానితో మాకేమి పని" యను సంస్థాధిపతులు చట్టమును చదువవలెను. 1997 నాటి ఆంధ్రప్రదేశ్ ర్యాగింగ్ నిషేధ చట్టము విద్యాసంస్థ లోపలనేకాక వెలుపలను దానిని నిషేధించినది. తోటి విద్యార్థిని అవమానపరచుటయు, బెదరించుటయు దానిలోనివే. ఫిర్యాదు వచ్చియు నుపేక్షించిన అధిపతిని నేరమునకు తోడ్పడినవానిగా నది యెంచును. బాలలపై లైంగిక నేరమును ఎరిగియు పోలీసులకు తెలుపకుండుట 2012 నాటి పోక్సో చట్టముచే శిక్షార్హము.

ఉపాధ్యాయుడు మొదట తుదివరకు వినవలెను. సందేశములను చెరిపివేయనీయరాదు. తేదీ, వేళ, పంపినవాని నంబరు కాగితముపై వ్రాసికొని, స్క్రీన్‌షాట్లు భద్రపరచవలెను. అయితే బాలల నగ్నచిత్రమైనచో దాని ప్రతిని తన ఫోనులోనికి ఎన్నడును తీసికొనరాదు. సదుద్దేశముతోనైనను చిక్కు తప్పదు. దానిని పోలీసులకే చూపవలెను. 1098 నంబరుకు ఫోనుచేసినచో బాలలకు సహాయము లభించును.

ప్రార్థనాసమయమున ఇరువురను నిలువబెట్టి పేర్లు చదువుట కొందరికి న్యాయముగ తోచును. గుంపులో జరిగిన యవమానము దానితో బడియంతట వ్యాపించును. పంపినవాడును మన విద్యార్థియే; వానిని, వాని తల్లిదండ్రులను వేరుగ పిలిచి మాటాడవలెను. చూచి నవ్వి యూరకున్నవారిని మాత్రము తరగతిలోనే, పేరెత్తక, మందలింపవచ్చును.

2022లో నేర్పడిన నంద్యాల జిల్లా విద్యాధికారులను మేము కోరునది స్వల్పము. వచ్చు జూన్‌లో బడులు తెరచునాటికి ప్రతి పాఠశాలలో ఈ ఫిర్యాదులు వినుట కొక ఉపాధ్యాయుని, బాలికలకై ఉపాధ్యాయినిని నియమించి, వారి పేర్లు నోటీసుబోర్డుపై వ్రాయింపవలెను.