సీలు చెడని లారీకే ఇక గిరాకీ

దివిసీమ పీతల బేరంలో ఇంతకాలం మూడు సంగతులే చూసేవారు. పీత తూకం ఎంత, లోపల కండ నిండినదా లేక నీళ్ల పీతా, వ్యాను చెన్నై విమానాశ్రయానికి ఏ వేళకు చేరుతుంది అన్నవే ఆ మూడు. ఇప్పుడు నాలుగో ప్రశ్న వచ్చి చేరుతున్నది. సరుకు తెచ్చిన బండి ఎవరిది, దానిని నడిపిన మనిషి ఎవరు, దారిలో తలుపు ఎవరైనా తీశారా అన్నదే ఆ ప్రశ్న. దీనికి కాగితం మీద జవాబు చూపగల వర్తకుని సరుకు త్వరగా కదులుతుంది. చూపలేనివాని సరుకు వరుసలో ఆగుతుంది.

ఇది నాగాయలంక, కోడూరు, అవనిగడ్డ పీతలకు మాత్రమే సంబంధించిన విషయం కాదు. చిలకలపూడి రోల్డుగోల్డు నగలు, పెడన కలంకారీ గుడ్డలు విదేశాలకు విమానంలో పంపేవారికి కూడా వర్తిస్తుంది. బరువు తక్కువై విలువ ఎక్కువైన సరుకు, ఆయుష్షు తక్కువైన సరుకు విమానం కోసం చూస్తాయి. కనుక మచిలీపట్నం, గుడివాడ, ఘంటసాల, శ్రీకాకుళం ప్రాంతాల వర్తకులు, లారీ యజమానులు దీనిని విమాన కంపెనీల గొడవగా తోసిపుచ్చరాదు.

నియమం ఎందుకు వచ్చింది

1985 జూన్ 23న ఎయిరిండియా కనిష్క విమానం అట్లాంటిక్ సముద్రం మీద పేలిపోయి 329 మంది మరణించారు. 1978లో ఏర్పడిన పౌర విమానయాన భద్రతా బ్యూరో ఆ ఘోరం తర్వాతనే, 1987 ఏప్రిల్ 1 నుంచి, స్వతంత్ర శాఖ అయింది. కనిష్కలో బాంబు వచ్చినది ప్రయాణికుల సామానుతో. 2010 అక్టోబరులో యెమెన్ నుంచి బయలుదేరిన రెండు పార్సిళ్లలో, ప్రింటరు సిరా డబ్బాలలో దాచిన పేలుడు పదార్థం దొరికింది. ఒకటి ఇంగ్లండులోను, ఒకటి దుబాయిలోను పట్టుబడ్డాయి. అప్పటి నుంచి సరుకు మీద చూపు మరింత గట్టిపడింది. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ ప్రమాణాల ప్రకారం 2021 జూలై 1 నుంచి, సరుకు మాత్రమే మోసే విమానాలలోకి కూడా తనిఖీ లేకుండా, ఆమోదం ఉన్నవారి చేతుల మీదుగా రాకుండా ఏ మూటా ఎక్కరాదు. 2024 జూలైలో జర్మనీలోని లైప్‌జిగ్‌లోను, ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లోను కొరియరు గోదాములలో పార్సిళ్లు అంటుకున్నాయి. ఈ కట్టుదిట్టం రేపో మాపో సడలుతుందని ఆశించడం అనవసరం.

సరుకు విమానం ఎక్కడానికి రెండు దారులున్నాయి. విమానాశ్రయంలో ప్రతి పెట్టెను యంత్రం ద్వారానో, ఇతర పద్ధతుల ద్వారానో తనిఖీ చేయడం ఒకటి. ముందుగానే ఒక సురక్షిత స్థలంలో తనిఖీ జరిగి, సీలు పడి, ఆ స్థితి చెడకుండా విమానం దాకా రావడం రెండవది. రెండవ దారిలో భద్రతా శాఖ ఆమోదించిన ఎగుమతిదారును నోన్ కన్సైనర్ అని, సరుకు పుచ్చుకొని భద్రతకు పూచీపడే సంస్థను రెగ్యులేటెడ్ ఏజెంటు అని పిలుస్తారు. మన దేశంలో బాధ్యత ప్రధానంగా విమాన సంస్థ మీద, ఈ ఏజెంటు మీద ఉన్నది. మధ్యలో నాలుగు వందల కిలోమీటర్లు సరుకు మోసే లారీ మాత్రం వారి చేతి కింది మనిషిగానే లెక్కకు వస్తున్నది. అసలు చిక్కు అక్కడే ఉన్నది.

లారీవానికి పెట్టే షరతులు

ఐరోపా సమాఖ్య నిబంధనలలో లారీ రవాణాదారు విధులు వివరంగా ఉన్నాయి. మనవారు వాటిని తెలుసుకోవడం మంచిది. సరుకు ఎక్కించే ముందు బండి లోపలి భాగాన్ని వెతికి చూడాలి. ఎక్కించడం పూర్తయ్యేదాకా ఎవరూ చొరబడకుండా కనిపెట్టాలి. తలుపులకు తాళం గాని, సీలు గాని వేయాలి. పక్కలకు పరదా ఉన్న బండి అయితే ప్రత్యేకమైన తాడుతో బిగించాలి. పై కప్పు లేని బండిలో సరుకు ఉంటే దాని మీద నిరంతరం కన్ను ఉండాలి. డ్రైవరు వద్ద గుర్తింపు కార్డు ఉండాలి. పనివారి పూర్వాపరాలు విచారించి ఉండాలి. భద్రత విషయమై వారికి శిక్షణ ఇచ్చి ఉండాలి.

మరి రెండు షరతులు మనవారి వాడుకకు నేరుగా తగిలేవి. సరుకు ఎత్తిన చోటు నుంచి దించే చోటు దాకా ముందు అనుకోని మజిలీ చేయరాదు. తప్పనిసరై ఆగితే, మళ్లీ బయలుదేరే ముందు తాళం, సీలు, సరుకు సరిచూడాలి. ఎవరైనా ముట్టుకున్న ఆనవాలు కనబడితే వెంటనే పై అధికారికి తెలపాలి. అలాగే, ఈ షరతులకు కట్టుబడని మరొకరి బండికి సరుకును అప్పగించరాదు. ఇదివరకు ఐరోపాలో రవాణాదారు సంతకం చేసిన ప్రకటన పత్రంతో సరిపెట్టేవారు. ఇప్పుడు లారీ సంస్థను ప్రభుత్వమే స్వయంగా పరీక్షించి ఆమోదించే పద్ధతి వైపు మొగ్గుతున్నారు. సరుకు కొనే దేశంలో గట్టిపడిన షరతు అమ్మే దేశం గుమ్మంలోకి రాక మానదు.

మన దగ్గరి వాడుక

నాగాయలంకలో కాళ్లు కట్టి, తడి గోనెతో తట్టలలోనో, గాలి రంధ్రాలు పెట్టిన పెట్టెలలోనో సర్దిన పీతలు పులిగడ్డ వంతెన దాటి, రేపల్లె, బాపట్ల మీదుగా ఒంగోలు చేరి, అక్కడి నుంచి చెన్నై దారి పడతాయి. బండి కుదిర్చేది బ్రోకరు. ఆ రోజు ఏ బండి దొరికితే అది, ఏ డ్రైవరు ఉంటే అతను. బండి నిండకపోతే దారిలో మరొకరి సరుకు ఎక్కుతుంది. టైరు పేలితే పెట్టెలు వేరే వ్యానులోకి మారతాయి. టీ కోసం, నీళ్లు చల్లడం కోసం డ్రైవరు తనకు వీలైన చోట ఆపుతాడు. వీటిలో ఏదీ మోసం కాదు. సరుకు బతికించడానికి, కిరాయి గిట్టించుకోవడానికి తరతరాలుగా లారీ వ్యాపారం నేర్చుకున్న ఒడుపులే ఇవి. అయితే భద్రతా అధికారి కంటికి ఒక్కొక్కటీ ఒక్కొక్క సందే.

చెన్నైలో ఎలాగూ తనిఖీ చేస్తారు గదా, లారీకి ఆమోదం ఎందుకు అని కొందరు వర్తకులు అడుగుతున్నారు. సీలు చెడినంత మాత్రాన సరుకును తిప్పి పంపరు, మళ్లీ తనిఖీకి పెడతారు, నిజమే. కాని మళ్లీ తనిఖీ అంటే మళ్లీ వరుస. వరుస పెరిగితే విమానం తప్పవచ్చు. నగల పెట్టె మరునాటి దాకా ఓపిక పట్టగలదు, పీత పట్టలేదు. 600 కిలోల లోడులో నూటికి 5 వంతులు చచ్చినా 30 కిలోలు పోయినట్లే. చచ్చిన పీతకు విదేశీ మార్కెట్టులో ధర లేదు.

నష్టం ఎవరి నెత్తిన

ఈ తరుగును ఎగుమతిదారు భరించడు, ఏజెంటు లెక్కలో కోస్తాడు. ఏజెంటు దానిని కాటా దగ్గర కోస్తాడు. చివరకు ఆ భారం మడ అడవుల కాలువలలో వల వేసినవాని మీద, చెరువులో పీతను మేపిన రైతు మీద పడుతుంది. దూరాన విమానాశ్రయంలో జరిగిన ఆలస్యం ఇక్కడ కిలో ధరగా మారుతుందన్న మాట.

ఇంకొక ప్రమాదం కూడా ఉన్నది. పూచీ తనదైనప్పుడు పెద్ద ఏజెంటు ఊరి బండిని నమ్మడు, తన బండినే పంపుతాడు. అప్పుడు కిరాయి మన లారీ యజమానుల చేయి దాటిపోతుంది. ఒకే ఏజెంటు బండి మీద ఆధారపడిన ఊరిలో ధర చెప్పేవాడు కూడా అతడే అవుతాడు. నలుగురు కొనుగోలుదారులు పోటీపడే చోట ఒక్కడే మిగలడం రైతుకు గాని, చిన్న వర్తకునికి గాని మేలు కాదు. భద్రత పేరుతో వచ్చిన నియమం వ్యాపారాన్ని కొద్దిమంది గుప్పిటిలో పెట్టకుండా చూడవలసి ఉన్నది.

చేయవలసిన పని

ఒక్కొక్క లారీ యజమాని విడిగా ఆమోదం కోసం తిరగడం అయ్యే పని కాదు. అవనిగడ్డ, మచిలీపట్నం లారీ యజమానులు సంఘంగా ఏర్పడి పది బండ్లు, నమ్మకమైన డ్రైవర్లను ఎంచి, పోలీసు విచారణ, శిక్షణ ముందుగానే పూర్తి చేయించుకోవాలి. బండి పంపే ముందు సీలు నంబరు, డ్రైవరు పేరు, బయలుదేరిన వేళ రాసిన కాగితం మూడు ప్రతులు ఉండాలి. నీళ్లు చల్లడానికి ఆగే చోట్లను ముందుగానే ఆ కాగితంలో చేర్చాలి. అనుకున్న మజిలీ దోషం కాదు. అనుకోని మజిలీకే సంజాయిషీ చెప్పుకోవాలి. దారి బేరం మానుకున్నందుకు పెరిగే కిరాయిని బిల్లులో విడిగా చూపాలి, తరుగులో కలిపి దాచరాదు.

ప్రభుత్వం చేయవలసినది కూడా ఉన్నది. గన్నవరం విమానాశ్రయం మన జిల్లాలోనే ఉన్నది. 2017లో దానికి అంతర్జాతీయ హోదా కూడా వచ్చింది. అయినా విదేశీ సరుకుకు చెన్నై, హైదరాబాదులే పెద్ద దారులు. దివిసీమ లారీ యజమాని ఒక ఆమోదం కోసం ఆ నగరాలలోని బ్యూరో కార్యాలయాల చుట్టూ తిరగనక్కర లేకుండా గన్నవరంలోనే ఏడాదికి రెండు మూడు సార్లు పరిశీలన జరపాలి. డ్రైవర్ల శిక్షణ తెలుగులో ఉండాలి. సరుకును గన్నవరంలోనే తనిఖీ చేసి, సీలు వేసి, చెన్నైలో ఆ సీలునే మన్నించే ఏర్పాటు కుదిరితే సగం సమస్య తీరినట్లే.

1611లో ఇంగ్లీషు కంపెనీ కొఠీ పెట్టిన బందరుకు మూట కట్టి ముద్ర వేసి సముద్రం దాటించడం కొత్త విద్య కాదు. వర్తకులు, లారీ సంఘాలు, ఎగుమతిదారులు వచ్చే సీజనుకు ముందే ఒకచోట కూర్చుని మాట్లాడుకోవాలి. నియమం వచ్చిన తర్వాత బండి వెతుక్కునేవాడు ఎదుటివాడు చెప్పిన కిరాయి ఇచ్చుకోవలసిందే. ముందే సిద్ధపడినవాడు తన కిరాయి తానే చెప్పగలడు.