తుంబాడ్‌ను ఒట్టి అత్యాశ కథ అంటే ఒప్పుకోను

మనవాళ్లలో "తుంబాడ్" చూసినవాళ్లు బాగానే ఉన్నారు. 2018లో వచ్చినప్పుడు వదిలేసినవాళ్లు కూడా 2024 సెప్టెంబరులో మళ్లీ విడుదలైతే థియేటర్‌కు పోయి చూసొచ్చిన్రు. ఎవరిని అడిగినా ఒక్కటే మాట: అత్యాశకు పోతే నాశనమే, మంచి నీతి ఉంది. కొందరైతే దయ్యం ఎక్కువసేపు కనబడలేదని నారాజు. ఈ రెండు మాటలూ నాకు మింగుడుపడవు.

రాహీ అనిల్ బర్వే తీసిన ఈ సినిమాలో హస్తర్ అని ఒకడున్నాడు, సమృద్ధి దేవతకు మొదటి కొడుకు. తల్లి దగ్గరి బంగారం వాడికి దక్కింది, ధాన్యం దక్కలేదు. గోచి నిండా బంగారు నాణేలు, కడుపులో తీరని ఆకలి. వినాయకరావు తాడు పట్టుకుని కిందికి దిగి, పిండిబొమ్మ ముందర పడేసి, వాడు దానిమీద పడ్డ ఆ కాసేపట్లో నాణేలు గుంజుకుని పైకెక్కుతాడు. ఆకలిగొన్నవాడికి పిడికెడు పిండి చూపించి వాడి సొమ్ము కాజేయడం. నాకు దయ్యం గుర్తుకు రాలేదు, కార్ఖానా గుర్తుకొచ్చింది.

అంతకన్నా భయమేసింది కొడుకుకు ఆ విద్య నేర్పేటప్పుడు. పాండురంగ్ ఇంకా పిల్లగాడు, కాలు సరిగా లేదు. ఎట్లా దిగాలి, పిండి ఎప్పుడు తీయాలి, చెయ్యి ఎంత గబుక్కున పెట్టాలి, అన్నీ తండ్రి దగ్గరుండి నేర్పుతాడు. తప్పు చేస్తే తిడతాడు, బాగా చేస్తే మురుస్తాడు. మన నాయనలు మగ్గం నేర్పినట్టే! దొంగతనమని ఆ ఇంట్లో ఎవరూ అనుకోరు, అది ఇంటి విద్య.

వారసత్వం అని మనం ఏం రాసుకుంటున్నం? తాతలు కరీంనగర్, వరంగల్ దిక్కు నుంచి ఒట్టి చేతులతో సోలాపూర్ వచ్చిన్రు, చేతిమగ్గం నుంచి పవర్‌లూమ్‌కు ఎదిగిన్రు, చాదర్‌కు పేరు తెచ్చిన్రు, నారళీ పున్నమికి మార్కండేయుడి రథం లాగుతున్నరు. అంతా నిజమే, గొప్పే. మరి అవ్వలు? తునికాకు కత్తిరించి, ఒళ్లో చాట పెట్టుకుని, వెయ్యి బీడీల లెక్క తీరేదాకా నడుము ఎత్తలేదు. బాగాలేవని పక్కకు తీసిన బీడీలకు పైసలు రావు, ఆ బీడీలూ వెనక్కి రావు. పెండ్లికి అడ్వాన్సు ఇచ్చి, ఆ బాకీ తీరేదాకా మనిషిని మగ్గం కాడ కట్టేసిన సేట్లు పరాయివాళ్లా? మనవాళ్లే, మన చుట్టాలే. వంశవృక్షంలో సేటు పేరు పెద్దక్షరాల్లో ఉంటది. అవ్వ పేరు ఉండాల్సిన చోట "భార్య" అని ఉంటది, అంతే.

సినిమాలో వినాయక్ తల్లి ఒక్క బంగారు నాణెం కోసం సర్కార్ దగ్గర ఏండ్ల తరబడి పడి ఉంటది. ముసలవ్వను గొలుసులతో కట్టేస్తారు. మొదటి భాగంలో ఇంత చూపించిన దర్శకుడు తర్వాత ఆడవాళ్లను వంటింట్లో వదిలేసిండు. అక్కడ నాకు ఆయనతోనూ పేచీ ఉంది.

మా చుట్టాల్లో ఒకాయన అన్నడు: "వాళ్లు వాడాలున్న దొరలు, అది దొంగసొమ్ము. మనది చెమట." చెమటే, కాదన్నదెవరు? ఎవరి చెమట ఎవరి గల్లాలో పడ్డదని అడుగుతున్న.

1947 వచ్చి, వాడా ప్రభుత్వం చేతికి పోతుందని తెలిశాక తండ్రీకొడుకులు ఈసారి గోచి మొత్తం గుంజుకుందామని దిగుతారు. చివరికి వికారంగా మారిపోయిన తండ్రి ఆ గోచిని కొడుకు ముందర పెడతాడు. కొడుకు తీసుకోడు. దీన్ని నీతి అని చప్పట్లు కొట్టేవాళ్లు ఒకటి చూడలేదు. వాడు ఆ గుంతలోకి స్వయంగా దిగినవాడు, అక్కడేముందో కళ్లారా చూసినవాడు, అందుకే వద్దనగలిగిండు. మన పిల్లలకు రథం చూపిస్తున్నం, చాదర్ చూపిస్తున్నం. చాట ఎక్కడ దాచినం?

వంశవృక్షం మళ్లీ అచ్చు వేయించే మాట నడుస్తున్నది గదా. అవ్వల పేర్లు పేర్లుగా రాయండి, ఏ ఇంట్లో ఎవరు బీడీలు చేసిన్రో రాయండి, సేటు లెక్కపుస్తకంలో ఎవరి బాకీ ఎన్నేండ్లు నడిచిందో అది కూడా రాయండి. లేదంటే నా పేరూ అందులో వేయొద్దు.