కడలి మట్టం చెబుతున్న సాక్ష్యం

సముద్రం ఎందుకు పొంగుతోందన్న వివాదానికి కొలతలే సమాధానం చెబుతున్నాయి. ఐక్యరాజ్యసమితి వాతావరణ నిపుణుల సంఘం ఐపీసీసీ 2021 నివేదిక ప్రకారం 1901–2018 మధ్య ప్రపంచ సగటు సముద్ర మట్టం 20 సెంటీమీటర్లు పెరిగింది. 1971 వరకు ఏటా 1.3 మిల్లీమీటర్లుగా ఉన్న వేగం 2006 తర్వాత 3.7 మిల్లీమీటర్లకు చేరింది. వేడెక్కిన నీరు వ్యాకోచించడం, హిమానీనదాలు, ధ్రువ ప్రాంతాల మంచు కరగడం ఇందుకు కారణాలు. ఆ వేడికి సూర్యుడే మూలమైతే పై వాతావరణమూ వేడెక్కాలి. స్ట్రాటోస్ఫియర్ మాత్రం చల్లబడింది. బొగ్గు, చమురు మండించగా వెలువడిన వాయువులు భూమికి దగ్గరలోనే వేడిని పట్టి ఉంచుతున్నాయనడానికి ఇది గట్టి ఆనవాలు.

అలాగని ప్రతి తీరపు కోతకూ ఇదొక్కటే కారణమనడం తొందరపాటే. కృష్ణా, గోదావరి డెల్టాలకు చేరాల్సిన ఒండ్రు ఎగువ జలాశయాల్లోనే నిలిచిపోతోంది. నేల తనను తాను పూడ్చుకోలేని చోట కొద్దిపాటి పెరుగుదలైనా చేటే.

ఒడిశాలో సముద్రం మింగిన సతభాయా వాసులను బగపటియాకు తరలించారు. ఉద్గారాలు నేడే ఆగినా సముద్ర మట్టం శతాబ్దాలపాటు పెరుగుతూనే ఉంటుంది. కాబట్టి ఉప్పాడ వంటి చోట్ల గోడ ఎత్తు కన్నా ముందు, వెనక్కి జరగాల్సిన మత్స్యకార కుటుంబాలకు స్థలం ఎక్కడిస్తారో ప్రభుత్వాలు తేల్చాలి.