సీటు దిగిన తర్వాత పది నిమిషాలు

లారీ డ్రైవరు నడుం ఎక్కడ దెబ్బతింటుందని అడిగితే ఎవరైనా సీట్లోనే అంటారు. గంటల తరబడి కూర్చోవడం, గతుకుల రోడ్లు, కుదుపులు. అబద్ధం కాదు, కానీ మొత్తం సంగతి అది కాదు. ఓపెన్ ట్రైలర్లు తోలేవాళ్లను కదిపి చూడండి. నొప్పి ఏ రోజు మొదలైందంటే తాడు లాగుతున్నప్పుడనో, టార్పాలిన్ పట్టా ఎత్తుతున్నప్పుడనో, ట్రైలర్ మీంచి దూకినప్పుడనో చెబుతారు. కంటెయినర్ బండికి తలుపులు వేసి తాళం పెడితే సరిపోతుంది. ఓపెన్ ట్రైలర్ మీద సరుకు కట్టడం, కప్పడం, దారిలో మళ్లీ బిగించడం అన్నీ డ్రైవరు మెడకే చుట్టుకుంటాయి.

విశాఖ ఉక్కు కర్మాగారం నుంచి వైర్ రాడ్ చుట్టలు ఎత్తుకున్న ట్రైలర్ గాజువాక దాటి విజయవాడ దారి పట్టిందనుకుందాం. అన్నవరం దగ్గర వాన అందుకుంది. సరుకు తుప్పు పడితే మాట పడాల్సింది డ్రైవరే. బండి పక్కకు తీసి, మూడు గంటలుగా కదలని మనిషి ఒక్క దూకులో కిందికి దిగుతాడు. ఆ వెంటనే ట్రైలర్ ఎక్కి, మడతపెట్టిన టార్పాలిన్ పట్టాను వంగి, ఒక పక్కకు తిరిగి, విసురుగా లేపుతాడు. పక్కన క్లీనరు లేడు. నడుంలో కలుక్కుమంటుంది. అక్కడికక్కడే కూలబడడు, పట్టా కప్పి, తాళ్లు కట్టి, బండెక్కి తోలుకుపోతాడు. తెల్లారి సీట్లోంచి లేవబోతే కాలు కింద పెట్టలేడు.

ఇది దురదృష్టం కాదు, శరీరం తీరే అంత. కూర్చున్నంతసేపూ నడుం కాస్త ముందుకు వంగే ఉంటుంది. వెన్నుపూసలను పట్టి ఉంచే లిగమెంట్లు మెల్లగా సాగుతాయి, డిస్కుల మీద వెనకవైపుకు ఒత్తిడి పెరుగుతుంది. పైగా కూర్చున్న మనిషి వెన్ను సెకనుకు నాలుగు నుంచి ఎనిమిది సార్లు వచ్చే ఊపుకి బాగా అదురుతుంది. లారీ సీటు కుదుపుల్లో చాలా భాగం అటూ ఇటూగా ఆ లెక్కలోనే ఉంటుంది. దాంతో నడుం కండరాలు అలిసిపోతాయి. సీటు దిగిన క్షణానే అవి సర్దుకోవు, కాసేపు పడుతుంది. ఆ కాసేపట్లోనే మనవాళ్లు రోజు మొత్తంలోకెల్లా పెద్ద బరువు ఎత్తుతున్నారు. అన్నీ అనుకూలంగా ఉన్నప్పుడు కూడా చేతులతో ఎత్తే బరువు 23 కిలోలు దాటకూడదని అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ లెక్క కట్టింది. వానకు తడిసిన పెద్ద పట్టా ఆ హద్దులో ఎక్కడ ఉంటుంది?

అందుకే డ్రైవరు సోదరులకు నేను చెప్పేది ముందుగా ఒక్కటే. దిగగానే తాడు పట్టుకోకండి. టైర్లు కొట్టి చూసే అలవాటు మీకు ఉన్నదే, ఆ పని ముందు చేయండి. బండి చుట్టూ రెండు మూడు సార్లు తిరగండి. నడుం మీద చేతులు పెట్టుకుని అయిదారు సార్లు నెమ్మదిగా వెనక్కి వాలండి. ఆ తర్వాతే బరువు జోలికి వెళ్లండి. వాన కురుస్తున్నా సరే, ఆ కొద్ది నిమిషాలకు సరుకేమీ తుప్పు పట్టిపోదు.

దిగడంలోనూ పద్ధతి ఉంది. క్యాబిన్ వైపు మొహం పెట్టి, రెండు చేతులూ ఒక కాలూ, లేదా రెండు కాళ్లూ ఒక చేయీ ఎప్పుడూ ఆనించి దిగాలి. ట్రైలర్ మీంచి దూకితే ఒంటి బరువుకు ఎన్నో రెట్లు మడమల మీద, మోకాళ్ల మీద పడుతుంది. పట్టాను భుజాన వేసుకుని పైకి ఎక్కొద్దు. లోడింగ్ చోట క్రేన్ ఉన్నప్పుడే పట్టాను సరుకు మీద పెట్టించుకోండి. తాడు బిగించేటప్పుడు ఒక కాలు ముందుకు, ఒకటి వెనక్కి ఉండాలి. పీచు లేచిన పాత తాడు తెగితే లాగేవాడు వెల్లకిలా రోడ్డు మీదే పడతాడు, వెనకాల వచ్చే బండి ఆగదు. తాడును చేతికి చుట్టుకోవడం మరీ ప్రమాదం. గొలుసు బిగించే లివర్ ఎగిరి తంతే దవడ పగులుతుంది, దానికి ఎదురుగా మొహం పెట్టకండి.

నడుముకు బెల్టు కట్టుకుంటే చాలని మందుల షాపులో కొనుక్కునేవాళ్లు చాలామంది. ఆరోగ్యంగా ఉన్న మనిషికి అది దెబ్బ తగలకుండా కాపాడుతుందనడానికి ఆధారం లేదని నియోష్ 1994లోనే తేల్చింది. బెల్టు ఉందన్న ధైర్యంతో ఇంకాస్త బరువెత్తడం అసలు ముప్పు. దానికి బదులు రోజూ పొద్దున ఇరవై గుంజీళ్లు తీయండి. బరువెత్తాల్సింది తొడలు, నడుం కాదు. వెనక జేబులో పర్సు పెట్టుకుని తోలితే కాలి నరం నొక్కుకుంటుంది, తీసి డాష్‌బోర్డు మీద పెట్టండి. మధ్యలో ఆపాల్సి వస్తుందని నీళ్లు మానేయడం కిడ్నీలో రాళ్లకు దారి, ఎండాకాలంలో ప్రాణానికే చేటు.

ఇంత చెప్పినా, భారమంతా డ్రైవరు మీదే మోపడం న్యాయం కాదు. 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం రోజుకు 8 గంటల పని, వారానికి 48 గంటలు, అయిదు గంటలకు మించి ఏకబిగిన తోలకుండా అరగంట విరామం అంది. అయితే అది అయిదుగురు, అంతకు మించి కార్మికులున్న సంస్థలకే. ఒకటి రెండు లారీల యజమాని దగ్గర పనిచేసేవాడికి ఆచరణలో ఆ రక్షణ అందలేదు. ఆ చట్టం 2020 నాటి కార్మిక కోడ్లలో కలిసిపోయింది, చిన్న యజమాని దగ్గరి డ్రైవరు గతి మాత్రం పెద్దగా మారలేదు. 2025 నుంచి కొత్త లారీల క్యాబిన్లో ఏసీ తప్పనిసరి చేశారు, సంతోషం. అదే శ్రద్ధ సరుకు కట్టే పని మీద కూడా పెట్టాలి. లైసెన్సు కోసం ఇచ్చే డాక్టరు సర్టిఫికెట్ కంటిచూపు, వినికిడి, అవయవ లోపాలు చూస్తుంది. నడుము, బీపీ, షుగరు కూడా చూడాలి.

ఈ శీర్షిక చదివే లారీ యజమానులను వేడుకుంటున్నాను. ఖర్చు తగ్గించుకోవడానికి క్లీనరును తీసేశారు, ఆ రెండో మనిషిని మళ్లీ బండెక్కించండి. పాత తాళ్లు పారేసి సరుకు బిగించే రాట్చెట్ బెల్టులు కొనిపెట్టండి. పనిలో గాయపడ్డ మనిషికి పరిహారం యజమానే ఇవ్వాలన్నది 1923 నుంచీ మన చట్టంలో ఉన్న మాట. తాడు బిగిస్తూ పడిపోయినవాడికి కూడా అది వర్తిస్తుంది.